పిండం తిన్న కుక్క

మనవరాలు సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. ప్యాంటు మోకాలి దగ్గర చినిగింది. అరచేతుల నిండా మట్టి. ముందుచక్రం మీది రేకు ఒక పక్కకు వంగిపోయి టైరుకు రాసుకుంటోంది. ఏమయిందే అంటే చెప్పదు. నీళ్ళు తాగించాక చెప్పింది. ట్యూషన్ నుంచి వస్తుంటే చికెన్ అంగడి మలుపులో కుక్కలు వెంటపడ్డాయట. భయపడి గట్టిగా తొక్కింది. అవి ఇంకా గట్టిగా ఉరికాయి. ఒకటి ప్యాంటు పట్టుకుని లాగితే వెళ్ళి కాలవ గట్టు మీద పడింది. సబ్బు పెట్టి కాలు కడిగి, వెలుతురులోకి తెచ్చి తిప్పి తిప్పి చూశాను. పన్ను దిగలేదు. గీరుకున్నది సిమెంటు.

చెప్పులు వేసుకుని ఆ మలుపుకు నేనే పోయాను. మదనపల్లెలో ఇప్పుడు మలుపుకు ఒక గుంపు. అంగడివాడు పారేసిన కోడి పేగుల దగ్గర పడుకుని ఉన్నాయి, దొరబిడ్డల్లాగా. ఎదురింటి గేటు దగ్గర ఒకామె బిస్కెట్లు విరిచి వేస్తోంది.

"ఇవి నీ కుక్కలా అమ్మా?" అన్నాను.

"నావి కాదవ్వా. ఈదివి. పాపం, ఆకలికి వస్తాండాయి."

"మా పాప వెంట పడినాయి. ప్యాంటు పీకినాయి."

"ఏమీ సెయ్యవవ్వా. ఉరికితేనే ఎంటబడతాయి. ఉరక్కుండా పోతే వాటి పాటికి అవి పండుకోనుంటాయి."

"సైకిలు ఉరక్కుండా ఎట్ల పోతాదమ్మా? నెత్తిన పెట్టుకోని పోవాల్నా?"

ఆమె నవ్వి లోపలికి పోయింది. ఏమీ చెయ్యవు. ఈ మాట నేను పుంగనూరు పక్క విన్నాను, కుప్పం పక్క విన్నాను, ఇప్పుడు ఈ వయసులో మదనపల్లెలో వింటున్నాను. కుక్కకు కూడు వేసే చేతులవాళ్ళే ఈ మాట అంటారు. కరిపించుకున్న కాళ్ళవాళ్ళు ఒక్కరూ అనగా నేను వినలేదు.

ఇంటికొస్తే మనవరాలు పుస్తకాల సంచి మేకుకు తగిలించి కూర్చుని ఉంది.

"అవ్వా, రేపట్నించి నేను ట్యూషన్‌కి పోను."

"యాల పోవు?"

"కుక్కలు ఉండాయి."

అంతే చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. నా చదువు కూడా ఒక కుక్క దగ్గరే ఆగిపోయింది.

మాది పుంగనూరు నుంచి మదనపల్లె పోయే రోడ్డుకు లోపలగా ఉండే చిన్న పల్లె. బడి, అంగడి, బస్సు నిలిచే చోటు అన్నీ పెద్ద ఊళ్ళో. మా పల్లెకూ ఆ ఊరికీ మధ్య ఒక బండిబాట. ఆ బాట సగం దూరం పోయాక మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో పెద్దాయన ఇల్లు, పక్కన బెల్లం గానుగ, చుట్టూ చెరుకు, మల్బరీ తోట. బాట అందరిదీ. తాతల నాటి నుంచి బండ్లు నడిచిన బాట. కానీ రెండు పక్కలా ఆయన భూమే కాబట్టి మధ్యలో ఉన్నదీ తనదే అనుకునేవాడు.

కానుగ చెట్టు కింద మంచం వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతికర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన ముందు ఎవరూ సైకిలు తొక్కకూడదు. దిగాలి. మలుపు మొదట దిగి, నడిపించుకుంటూ ఆయన మంచం దాటి, మలుపు చివర మళ్ళీ ఎక్కాలి. పోస్టాయన దిగేవాడు, ఐసుపుల్లలవాడు దిగేవాడు. మా నాయన పాలక్యాన్లు రెండు పక్కలా కట్టుకుని పుంగనూరు హోటళ్ళకు పోసేవాడు. ఆయనా దిగేవాడు. క్యాన్ల బరువుకు సైకిలు నడిపించడం ఎంత కష్టమో తొక్కినవాళ్ళకే తెలుసు.

"ఎవుర్రా అది?"

"నేనే పెద్దాయనా. పాలు."

"పాలకు తొందర, నీకు కాళ్ళు నొప్పా? నడువు, నడువు."

చిన్నప్పుడు ఒకసారి నాయన సైకిలు ముందుకడ్డీ మీద కూర్చుని పోతుంటే అడిగాను. "దావ అందరిదీ గదా నాయినా, మనం యాల దిగాల?" నాయన సైకిలు ఆపాడు. నన్ను కూడా దించి నడిపించాడు.

ఆడవాళ్ళు గడ్డిమోపులు ఎత్తుకుని వస్తే కర్రతో మోపును పొడిచి చూసేవాడు, లోపల మల్బరీ ఆకు దాచుకున్నారేమోనని. అట్లాంటివాడే గానుగ ఆడే రోజుల్లో మా పిల్లలందరినీ పిలిచేవాడు. చలికాలం, పొద్దున్నే మంచు, కొప్పెర కింద చెరుకుపిప్పి మంట, ఆ పాకం వాసన మా పల్లె దాకా వచ్చేది. ఇంట్లో పితికిపప్పు ఉడుకుతుంటే ఆ వాసన, బయట బెల్లం వాసన. ఏ వాసన వెంట పోవాలో తెలిసేది కాదు. పెద్దాయన చెరుకు ఆకు మీద కాలే కాలే పాకం పోసి ఇచ్చి, "నోరు కాలతాది, ఊదుకోండి" అనేవాడు. ఆ చేత్తోనే కర్ర విసిరేవాడు. నేను నాయన సైకిలు దొంగతనంగా తీసి, సీటు అందక కడ్డీ కింద కాలు దూర్చి తొక్కుతూ ఒకరోజు మంచం ముందునుంచి దిగకుండా పోయాను. కర్ర వచ్చి వెనకచక్రంలో పడింది. నేను మల్బరీ గట్టు మీద పడ్డాను. మూతి పగిలింది. ఇంట్లో నాయన ఇంకో రెండు తగిలించాడు.

నేను పెళ్ళీడుకు వచ్చిన చలికాలంలో పెద్దాయన పోయాడు. కొన్నేళ్ళు మంచంలోనే ఉండి పోయాడు. కోడలే అన్నీ ఎత్తిపోసింది. ఆ వదిన ఓపిక గురించి ఊరంతా చెప్పుకునేది.

పిండం పెట్టే దివసం నాడు మా పల్లెవాళ్ళందరం పోయాం. గానుగ వెనక చదును చేసి, అరిటాకులో పిండం పెట్టి, ఆయనకు ఇష్టమైన కోడికూర, వడలు, బీడీకట్ట పెట్టారు. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకి రావాలి. రాలేదు. కర్మ జరిపించే దాసయ్య శంఖం ఊదాడు, గంట కొట్టాడు. కాకి రాలేదు. కొప్పెర కింద మంట ఆర్పలేదు, పొగ మబ్బులాగా కమ్ముకుని ఉంది. కాకి ఎట్లా వస్తుంది? ఆ మాట మా మేనత్త నా చెవిలో అంది. గట్టిగా ఎవరూ అనలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు తీరని కోరిక ఉన్నట్టు. దాసయ్య కొడుకుతో అన్నాడు, "మాటియ్యప్పా. ఆయన మనసులో ఏముండిందో అది అడుగు." కొడుకు చేతులు కట్టుకుని ఒక్కొక్కటే చెప్పాడు. గానుగ ఆపం నాయినా అన్నాడు. చెల్లెల్ని పండక్కి పిలస్తాం అన్నాడు. కానుగచెట్టు కొట్టం అన్నాడు. కాకి రాలేదు. అందరికీ ఆకలిగా ఉంది. చివరికి వాడు గొంతు పెంచి, "నీ దావలో ఎవుర్నీ సైకిలెక్కి పోనియ్యం నాయినా" అన్నాడు.

అప్పుడే గానుగ బూడిదలో పడుకున్న ఎర్ర కుక్క లేచి, ఒళ్ళు విదిలించుకుని వచ్చి, పిండం తినేసింది. కోడికూరతో మొదలుపెట్టింది. తరమబోయినవాణ్ణి దాసయ్య చెయ్యెత్తి ఆపాడు. ఆకు నాకేదాకా అందరూ దండం పెట్టుకుని నిలబడ్డారు. కోడలు మాత్రం పెట్టలేదు. నేను చూశాను.

ఆ రోజు నుంచి ఆ కుక్క పెద్దాయన అయింది. పేరుకు కాదు, నిజంగానే. "పెద్దాయన పండుకోనుండాడు, మెల్లగా పోండి" అనేవాళ్ళు. అన్నం మొదటి ముద్ద దానికి. కర్ర ఎత్తడం మహాపాపం. అది కానుగచెట్టు కిందే పడుకునేది, అక్కడ నీడ ఉంది కాబట్టి. సైకిలు వస్తే మొరుగుతూ వెంటపడేది. దిగి నడిపిస్తే మొరగడం ఆపి తిరిగి పడుకునేది. ఇంకేం కావాలి రుజువు? "సూసినారా, దిగితే వదిలేస్తాండాడు. ఆయన పద్ధతే." తలమీద మోపు ఉన్న ఆడమనిషి కనబడితే గుర్రుమని దగ్గరికి వచ్చేది. అదీ ఆయన పద్ధతే అయింది. పరాయి గానుగ దగ్గరున్న ఏ కుక్కకు మోపు కనబడినా గుర్రంటుంది. చెప్తే వినేవాళ్ళు ఎవరు?

ఆ వానకాలం ముందే పెద్ద ఊళ్ళో బడి వసారాలో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. పొద్దు గుంకాక లాంతర్లు వెలిగించి, పలకలు ఇచ్చి అక్షరాలు చెప్పేవాళ్ళు. చెప్పే అయ్యవారు పుంగనూరు కుర్రాడు, ఇంటరు చదివి ఊరికే ఉన్నాడట. జీతం లేకుండా సైకిలు మీద వచ్చేవాడు. మా పల్లె నుంచి మా అమ్మ, మేనత్త, నేను, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళం పోయేవాళ్ళం.

నాకు ఆ బడి ఎందుకు కావలసి వచ్చిందంటే, బస్సు బోర్డు కోసం. అంతకుముందు ఏడు పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు అనుకుని ఎక్కి కూర్చున్నాను. అది కుప్పం పోయే బస్సు. పలమనేరు దాటాక కండక్టరు చెప్పాడు. దించేసి, "బోర్డు సూసుకోని ఎక్కాల గదమ్మా" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. రోడ్డు పక్కన నిలబడి ఎదురుబస్సు కోసం చూస్తూ, ఆ బోర్డుల మీద ఉన్నదేమిటో నేను చదివి తీరాలి అనుకున్నాను. దేవుణ్ణి కూడా అంతగా కోరుకోలేదు.

అ, ఆ, ఇ, ఈ వచ్చాయి. క, గ దాకా వచ్చాయి. అంతలో మేనత్తను కరిచింది.

మేనత్త మా నాయనకు అక్క. మొగుడు పోయి మా ఇంట్లోనే ఉండేది. గడ్డిమోపుతో మలుపు తిరుగుతుంటే వెనకనుంచి వచ్చి పిక్క పట్టుకుంది. ఆమె కుంటుతూ ఇల్లు చేరి, ముందు మోపు దించి ఎనుముకు వేసి, తర్వాత కూర్చుని చీర పైకి లాగింది. పిక్కలో గుంట, రక్తం పాదం దాకా.

"ఎవురు కరిసింది?" అని అమ్మ అరిచింది.

"ఇంకెవురు, పెద్దాయన. బతికుండంగా మాటతో కరిసె. సచ్చినాక పంటితో కరస్తాండాడు."

ఇరుగుపొరుగు చేరారు. ఒకరు కారంపొడి పెట్టమన్నారు. ఒకరు సున్నం పెట్టమన్నారు. పెట్టారు కూడా. ఆ మంటకు మేనత్త పళ్ళు కొరుక్కుంది. ఆసుపత్రికి పోదాం అన్నాను నేను.

"ఆడ బొడ్డు సుట్టూ సూదులు పొడస్తారంట," అంది అమ్మ.

"పొడిస్తే పొడవనీలే," అంది మేనత్త. "ఈ బొడ్డును ఇంకెవురు సూసేది ఉండాది."

అంత నొప్పిలోనూ ఆమె నోరు ఊరుకోదు. కానీ పెద్దవాళ్ళు ఆమెను ముందు బైరెడ్డిపల్లె పక్కన పసరు పోసేవాడి దగ్గరికే తీసుకుపోయారు. చేదు పసరు తాగించి, ఉప్పు ముట్టొద్దన్నాడు. ఉప్పు లేని సంగటి తింటూ ఆమె వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మర్నాడు అయ్యవారు విని మా ఇంటికే వచ్చాడు. "పసరు తాగితే తాగినారు, సూదులు మాత్రం తప్పించుకోవద్దు అత్తా. కుక్కకు పిచ్చి ఉండాదో లేదో ఎవురికీ తెలీదు. ఉంటే పసరు ఆపదు" అని దగ్గరుండి మదనపల్లె ఆసుపత్రికి పంపించాడు. రోజూ బస్సు, రోజూ సూది. బొడ్డు చుట్టూ గడ్డలు కట్టి ఆమె బోర్లా పడుకోలేకపోయేది. బతికింది. పసరుతో బతికిందని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. ఆ కుక్కకు పిచ్చి లేదు, ఈమెకు సూదులు పడ్డాయి, అందుకే బతికింది.

పెద్దాయన కొడుకు పలకరించడానికి వచ్చాడు. వాకిట్లో నిలబడి, "ఆయన పల్లు తగిలిందంటే ఆశీర్వాదం అనుకో అక్కా" అన్నాడు. మేనత్త గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత బడికి పోయేవాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. మొదట మేనత్త. తర్వాత చంటిబిడ్డతల్లి. తర్వాత మా అమ్మ. పొద్దు గుంకాక ఆ మలుపు దాటాలి, వచ్చేటప్పుడు మళ్ళీ దాటాలి. గుట్ట చుట్టూ తిరిగి పోవచ్చు కానీ రాళ్ళు, పాములు. నేను కొన్నాళ్ళు నాయన సైకిలు మీద పోయాను. మలుపులో దిగి, సైకిలును నాకూ దానికీ మధ్య అడ్డంపెట్టుకుని, పలకతో కొడతానని చూపిస్తూ నడిచేదాన్ని. ఒక సాయంత్రం నేను దిగినా అది వదల్లేదు. లంగా పట్టుకుని చించింది. పలక పగిలింది. ఇంట్లో నాయన ఒక్కటే మాట అన్నాడు. "సదువు లేకుంటే ఏమి పోయింది? కాలు లేకుంటే పెండ్లి కాదు." అంతటితో నేనూ మానేశాను.

అయ్యవారిని కూడా పడదోసింది. ఊళ్ళోవాళ్ళు ఆయనకు సలహా ఇచ్చారు. "దిగి నడిపించుకోని పోండి సామీ. పోతా పోతా ఒక దండం పెట్టండి." ఆయన దిగి నడిపించాడు. అది ఊరుకుంది. "సూడు, అయ్యోరు గూడా దిగినాడు" అని ఊరికి బలం వచ్చింది. "కదిలేదాని ఎంట కుక్క పడతాది, ఆగితే ఆగతాది, అంతే" అని ఆయన చెప్పాడు. నవ్వారు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి ఇంటికొకరు రావాలని కబురు. గంగవరం నుంచి, పుంగనూరు నుంచి చుట్టాలు దిగారు. పందిట్లో వరసగా ఆకులు. అందరికంటే ముందు బాట పక్కన ఒక ఆకు వేసి కుక్కకు వడ్డించారు. అది తింటుంటే అందరూ దండం పెట్టారు. నేను ఆకు ముందు కూర్చున్నాను. కొడుకు వడ్డన చూసుకుంటూ నా దగ్గర ఆగాడు.

"మీ అత్త రాలేదామ్మే?"

"ఎట్లొస్తాదన్నా? దావలో మీ నాయన ఉండాడు గదా."

ఒకరిద్దరు నవ్వారు. వాడి మొహం మాడింది.

"ఆయన ఊరికే ఎవుర్నీ ఏమీ సెయ్యడు. మర్యాద తప్పితేనే."

"మా అత్త ఏం మర్యాద తప్పింది? గడ్డిమోపు ఎత్తుకోని వస్తాంది."

"మోపులో ఏముండిందో ఆయనకే తెలియాల."

మా మేనత్తను దొంగ అన్నాడు, అంతమందిలో. ఆమె లేదక్కడ జవాబు చెప్పడానికి. చేతిలో ముద్ద ఆకులో వేసేశాను. లేచి నిలబడ్డాను.

"సరే అన్నా. ఆయన మీ నాయనే. నేను కాదనను. మరి మీ నాయనను ఇంట్లో మంచం మీద పండబెట్టల్ల గానీ దావలో యాల పడేసినారు? వానకు తడస్తాండాడు. బూడిదలో పొర్లాడతాండాడు. మా పల్లెలో ఎంగిలాకులు నాకతాండాడు. మొన్న చంటిపిల్లోడు దొడ్డికి కూసుంటే పక్కనే కాసుకోనుండాడు మీ నాయన. ఇంత చెరుకు, ఇంత గానుగ పెట్టుకోని కన్న తండ్రికి కూడు పెట్టలేకుండారా అని ఊరు ఊరంతా అనుకుంటాండాది."

పందిట్లో చేతులు ఆకుల్లోనే ఆగిపోయాయి. సాంబారు గిన్నె దగ్గర వదిన అటు తిరిగింది. వీపు అదురుతోంది. నవ్వో ఏడుపో తెలియలేదు. గంగవరం నుంచి వచ్చిన వాడి మేనమామ మీసం తుడుచుకుని, "పిల్ల సెప్పేది నిజమే గదప్పా" అన్నాడు. "నాయనంటివి. నాయనను ఈదిలో పెట్టుకుంటారా ఎవురన్నా?"

ఇంకేం అంటాడు? కుక్క కాదంటే ఏడాదిగా దండం పెట్టిన ఊరంతా వెర్రిదవుతుంది. అవునంటే ఇంట్లోకి తేవాలి. తెచ్చాడు. పెద్దాయన ప్రాణం విడిచిన మంచం మీదే దుప్పటి పరిచి, మెడకు గుడ్డ చుట్టిన తాడు కట్టి పడుకోబెట్టాడు.

కొన్నాళ్ళకే వదిన బావి దగ్గర మా అమ్మతో అందట. "అక్కా, ఆయన ఉన్నెప్పుడు ఉచ్చగిన్నె నేనే ఎత్తినా. ఇప్పుడు మళ్ళీ నేనే ఎత్తాల్నా? అప్పుడు తిట్టేవాడు, అంతే. ఇప్పుడు మంచం కోళ్ళు గూడా కొరకతాండాడు." మొగుడితో కూడా తెగేసి చెప్పింది, మామ చాకిరి ఒక జన్మకే చేస్తానని.

కుక్కకు మాత్రం ఏం తెలుసు? కట్టేస్తే ఏడ్చింది. తాడు కొరికింది. మళ్ళీ కట్టబోయిన కొడుకు చేతిని పట్టుకుని ఊపేసింది. బొటనవేలి కింద కండ వేలాడింది. వాడు చెయ్యి విదిలించి, "థూ, కుక్కనాయాలా" అని కాలితో తన్నాడు. గానుగ దగ్గర పనివాళ్ళందరూ విన్నారు. సాయంత్రానికి ఊరంతా, నాయనను ఎట్లా తిట్టాడో చెప్పుకుని నవ్వింది. వాడికి పసరు గుర్తు రాలేదు. ఆ పూటే జీపు మాట్లాడుకుని మదనపల్లె పరుగెత్తాడు సూదులకు. జీపు ఎక్కేటప్పుడు వదిన మెల్లగా అడిగిందట, "ఆశీర్వాదమే గదా, సూది యాల?"

కుక్కను గొలుసుతో గానుగ వెనక కట్టేశారు. దాన్ని మళ్ళీ ఎవరూ పెద్దాయన అనలేదు. మా నాయన కొన్నాళ్ళు అలవాటు కొద్దీ మలుపులో దిగుతూనే ఉన్నాడు. తర్వాత ఒక పొద్దున సీటు మీదనుంచి దిగకుండా, క్యాన్లు గలగలమంటుంటే, మలుపు మొదటినుంచి చివరిదాకా బెల్లు కొట్టుకుంటూ పోయాడు. మేనత్త వాకిట్లో నిలబడి ఆ బెల్లు విని, "ఈనికి ఇప్పుడొచ్చె పెండ్లికళ" అంది.

ఆ సాయంత్రమే నేను పగిలిన పలక ముక్క పట్టుకుని బడికి పోయాను. వసారా ఖాళీ. లాంతర్లు గోనెసంచిలో వేసి బండి ఎక్కించుకుపోయారట. అయ్యవారికి కుప్పం పక్క ఏదో పని దొరికిందట. బడి గడువు అయిపోయిందట. పోయేముందు ఊరి మొగదాల గోడకు సున్నం కొట్టి నీలంరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసిపోయారు. ఏమి రాశారని అంగడాయనను అడిగాను. ఈ ఊళ్ళో చదువు రానివాళ్ళు ఎవరూ లేరని రాశారు, అన్నాడు.

ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. క ఎక్కడుందో, గ ఎక్కడుందో వెతుక్కున్నాను.

తర్వాత కుప్పం పక్క శాంతిపురం దగ్గర ఒక ఊరికి పెళ్ళి చేసి పంపారు. మా ఆయన బెంగళూరు పనులకు పోయేవాడు. నేను రాళ్ళ ఫ్యాక్టరీలో దుమ్ము తిన్నాను. మా కూతురు రెండో తరగతికి వచ్చాక దాని పక్కన కూర్చుని మళ్ళీ మొదటినుంచి అ, ఆ దిద్దాను. తల అప్పటికే నెరవడం మొదలైంది. "నీ గ కి కాలు వంకర అమ్మా" అని అది నన్ను తిట్టేది.

కాస్త చదవడం వచ్చాక మదనపల్లెకు ఏదో పనిమీద వచ్చి, ఒక వీధిలో గేటుకు వేలాడే బోర్డు చూసి ఆగాను. ఎవరినీ అడగకుండా, ఎవరూ పక్కన లేకుండా నేను చదివిన మొదటి బోర్డు అది. కు, క్క, ఉ, న్న, ది. జా దగ్గర ఆగాను. గ్ర కష్టమైంది. నేను కూడబలుక్కుంటుంటే లోపలినుంచి ఆ కుక్కే వచ్చి గేటు మీద కాళ్ళు వేసి మొరిగింది. అయినా జాగ్రత్త అనేదాకా చదివే కదిలాను. బస్సు బోర్డు చదవాలని మొదలుపెట్టినదానికి దేవుడు నా చేత మొదట చదివించింది అది. నవ్వు వచ్చింది. కోపమూ వచ్చింది. దారిన పోయేవాళ్ళనే జాగ్రత్తగా ఉండమన్నారు, చూడండి.

అయినా ఆ ఇంటివాళ్ళు నయం. మా కుక్క అని ఒప్పుకున్నారు. ఆ పెద్దాయన కొడుకు కూడా నయమే. మా నాయన అన్నాడు. నాయన అన్నాడు కాబట్టే నేను వాడి పందిట్లో నిలబడి నిలదీశాను. తిట్టడానికి నాకొక గడప ఉండింది. ఈ మలుపులో నేను ఎవరి గడప తొక్కాలి? కోడి పేగులు పారేసేవాడు నాది కాదంటాడు. బిస్కెట్లు వేసే ఆమె నాది కాదంటుంది. మునిసిపాలిటీలో అడిగితే ఈ కిటికీ కాదు ఆ కిటికీ అంటారు. ఆ కుక్కలకూ ఒక నీడ లేదు, ఒక గిన్నె లేదు, కనీసం ఒక గొలుసు లేదు. వాటి మీద నాకు కోపం లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియకే ఇదంతా రాస్తున్నాను.

మర్నాడు సాయంత్రం మనవరాలి సంచి మేకు మీదనుంచి నేనే తీశాను. వంగిన రేకు తొక్కి సరిచేసి సైకిలు బయట పెట్టాను.

"పోను అంటిని గదవ్వా."

"పోతావు. నేనూ వస్తాండా."

చేతికర్ర పట్టుకుని ఆమె వెనక నడిచాను. చికెన్ అంగడి కనబడింది. ఒక కుక్క తలెత్తింది. ఇంకొకటి లేచి ఒళ్ళు విదిలించుకుంది. నా నోటినుంచి మాట దానంతట అదే వచ్చింది.

"దిగి నడిపించుకోని పో పాపా."

ఆమె కాలు కింద పెట్టి నావైపు తిరిగింది. "యాల దిగాల? నేనేమి తప్పు జేస్తిని? రోడ్డు అందరిదీ గదా?"

మా నాయన లాగానే నేనూ సీటు మీద చెయ్యి వేసి దించబోయాను. ఆమె తనే దిగింది. సైకిలు నడిపించుకుంటూ ముందు ఆమె, వెనక కర్రతో నేను, ఆ మలుపు దాటాం. లేచిన కుక్క మళ్ళీ పడుకుంది.

గేటు దగ్గర నిన్నటామె బిస్కెట్ల పొట్లం విప్పుతూ నవ్వింది.

"సెప్తి గదవ్వా, ఏమీ సెయ్యవని."